చూసేవాళ్లున్న పొదని మూడోవంతే కొయ్యాలి

చలిదేశాల్లో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ల తోటలు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటాయి. బీర పందిరి, నాలుగు వంగ మొక్కలు, ఒక మడి గోంగూర, కుండీల్లో కరివేపాకు, మల్లె, తులసి. మే నెల మధ్యలో మొదలుపెట్టి సెప్టెంబరు చివరిదాకా ఆ తోటలో పడే కష్టం అంతా ఇంతా కాదు. అక్టోబరులో మంచు పడబోతుందనగానే కుండీలు ఇంట్లోకి, పందిరి కర్రలు గరాజ్‌లోకి వెళ్లిపోతాయి. ఇక అక్కణ్ణించి ఆరు నెలలు మన పెరట్లో చూడ్డానికంటూ ఏమీ ఉండదు. ఆ ఆరు నెలలూ మనం ఉండేది మాత్రం ఆ పెరడు కనిపించే ఇంట్లోనే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కూరగాయలకి ఇచ్చిన చోటులో పదో వంతైనా చలికాలానికి ఇవ్వాలి. అక్కడ వేసే మొక్కని వీధిలో పోయేవాళ్ల కోసం కాక ఇంట్లోంచి చూసేవాళ్ల కోసం వేసుకోవాలి. ఏటా దాన్ని కొయ్యాలి, కోసేటప్పుడు కూడా ఆ చూసేవాళ్లని లెక్కలో పెట్టుకోవాలి. ఆ మొక్క డాగ్‌వుడ్. పూల కోసం పెంచే డాగ్‌వుడ్ చెట్టు కాదు నేను చెప్పేది. కొమ్మల రంగు కోసం పెంచే డాగ్‌వుడ్ పొద.

బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఋతువుల పేర్ల మీద మమకారం ఎక్కువ. మనకి శిశిరం అంటే మాఘం, ఫాల్గుణం. రెండు నెలలు ఆకులు రాలతాయి, చివరికి ఉగాది వచ్చి చిగురు తెస్తుంది. మేముండే మిచిగాన్‌లో ఆకులు అక్టోబరులోనే రాలడం మొదలుపెడతాయి. మళ్లీ చెట్టు పచ్చబడేది ఏప్రిల్ చివరికో, మే నెలకో. మన రెండు నెలల శిశిరం ఇక్కడ ఆరేడు నెలలు సాగుతుంది. ఉగాది నాడు పచ్చడి చేసుకుని కిటికీలోంచి చూస్తే మోడులే కనిపిస్తాయి. డిసెంబరు చివర్లో డెట్రాయిట్ వైపు సూర్యుడు ఎనిమిదింటికి వచ్చి అయిదింటికి వెళ్లిపోతాడు. పగలంటే తొమ్మిది గంటలే. మా హిందూపురంలో అదే రోజు పదకొండు గంటలకు పైనే వెలుతురుంటుంది.

ఆ తొమ్మిది గంటల వెలుతురు ఇంట్లో ఎవరికి దక్కుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? పిల్లలు చీకట్లోనే బస్సెక్కుతారు. ఆఫీసుకి వెళ్లేవాళ్లు చీకటి పడ్డాక వస్తారు. పట్టపగలు ఆ ఇంట్లో ఉండేది ఇల్లాలు. ఇండియా నుంచి వచ్చినప్పుడైతే అత్తగారో, అమ్మో. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగానికి అనుమతి లేక, కారు నడపడం రాక మొదటి చలికాలం ఇంట్లో గడిపిన ఆడవాళ్లకి నేను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూస్తే బూడిద రంగు ఆకాశం, తెల్లటి నేల, గోధుమ రంగు కంచె. అక్కడ ఒక ఎర్రటి పొద ఉందనుకోండి. మనసులో దిగులు ఉంటే అది తీర్చేస్తుందని నేను చెప్పను, దిగులుకి మందు మొక్క కాదు, దానికి డాక్టరున్నారు. కానీ కంటికి ఆనుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. అది చిన్న విషయమేమీ కాదు.

ఇంతకీ ఈ పొద ఎలా ఉంటుందంటే, వేసవిలో మీరు దీన్ని పట్టించుకోరు. మామూలు పచ్చని ఆకులు, మే, జూన్‌లలో చిన్న తెల్లని పూల గుత్తులు, తర్వాత తెల్లటి చిన్న కాయలు. పక్షులు ఆ కాయల్ని ఇష్టంగా తింటాయి. ఆకులు రాలాక అసలు సంగతి బయటపడుతుంది. నేలలోంచి నిటారుగా లేచిన కొమ్మలన్నీ కుంకుమ రంగులోకి తిరుగుతాయి. చలి ముదిరేకొద్దీ రంగు కూడా ముదురుతుంది. మంచు పడిన మర్నాడు ఎండ కాస్తే, ఆ తెలుపు మీద ఆ ఎరుపు ముగ్గులో కుంకుమ అద్దినట్టు ఉంటుంది.

ఇందులో చాలా రకాలున్నాయి. ఉత్తర అమెరికా సొంత మొక్కని రెడ్ ఆసియర్ డాగ్‌వుడ్ అంటారు. ఇక్కడ వాగుల పక్కన, చిత్తడి నేలల్లో దానంతటదే పెరుగుతుంది. ఈ నేల మొదటి ప్రజలు దీని కొమ్మలతో బుట్టలు అల్లుకున్నారు, లోపలి బెరడుని పొగాకు మిశ్రమాల్లో కలుపుకున్నారు. ఇందులోనే ఫ్లావిరామియా అనే రకం ఉంది, దాని కొమ్మలు పచ్చి నిమ్మపండు పసుపులో ఉంటాయి. సైబీరియా, ఉత్తర చైనా వైపు నుంచి వచ్చింది టాటేరియన్ డాగ్‌వుడ్. దానిలో సైబీరికా అన్న రకం ఎరుపుకి పేరుపడింది. యూరప్ జాతిలోంచి వచ్చిన మిడ్‌వింటర్ ఫైర్ అయితే కింద పసుపు, మధ్యలో నారింజ, కొసల్లో ఎరుపు. పొయ్యిలో మంట లేచినట్టే ఉంటుంది. చోటు తక్కువున్నవాళ్లకి ఆర్కిటిక్ ఫైర్ అని ఒక పొట్టి రకం దొరుకుతుంది.

నర్సరీకి వెళ్లి ఊరికే డాగ్‌వుడ్ అని అడగకండి. పూల డాగ్‌వుడ్ చెట్టు ఇస్తారు. అదీ అందమైనదే. వర్జీనియాకి అది రాష్ట్ర వృక్షం. 1912లో టోక్యో నగరం వాషింగ్టన్‌కి మూడువేలకు పైగా చెర్రీ మొక్కలు పంపితే, బదులుగా 1915లో అమెరికా జపాన్‌కి పంపింది ఆ పూల డాగ్‌వుడ్‌నే. కానీ దాని కొమ్మల్లో ఈ రంగు లేదు, దాన్ని మొదలంటా కోస్తే చెట్టే పోతుంది. మీరు అడగాల్సింది రెడ్ ట్విగ్ డాగ్‌వుడ్ లేదా ఎల్లో ట్విగ్ డాగ్‌వుడ్.

ఇక ఎక్కడ నాటాలన్న దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా ఆయన లెక్క ఆయనకుంది. మొక్క అంటే ఇంటి ముందుండాలి, వీధిలోంచి చూస్తే ఇల్లు బాగుండాలి, రేపు అమ్మాలన్నా ధర పలకాలి. "పెరట్లో పెడితే ఎవరు చూస్తారు?" అన్నారు. నేను చూస్తాను అన్నాను. ఆయన నవ్వారు, నేను నవ్వలేదు. రోజుకి ఎన్నిసార్లు సింకు దగ్గర నిలబడతామో మనం లెక్కపెట్టుకోము కానీ, అది ఇంట్లో ఏ సోఫా కంటే ఎక్కువగా మనం వాడే చోటు. దాని ఎదురుగా ఏముండాలో నిర్ణయించే హక్కు అక్కడ నిలబడేవాళ్లదే అని నేననుకుంటాను.

ఇంటి ముందు అందం అక్కర్లేదని కాదు. కానీ వీధిలో పోయే కారుకి మన ఇల్లు కనిపించేది రెండు క్షణాలు, మనకి మన పెరడు కనిపించేది రోజంతా. రెండు క్షణాల చూపుకి డబ్బంతా పెట్టి, రోజంతా చూసే చూపుకి కంచెని వదిలెయ్యడం ఏ లెక్కలో తెలివైన పనో నాకు అర్థం కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ బొటానిక్ గార్డెన్‌లో చలికాలం కోసమే ప్రత్యేకంగా ఒక తోట పెట్టి, అందులో ఈ డాగ్‌వుడ్‌లని గుంపులు గుంపులుగా వేశారు. అంత పెద్ద తోటవాళ్లే చలికాలాన్ని ఒక ఋతువుగా గౌరవిస్తుంటే, మనం దాన్ని భరించాల్సిన రోజులుగానే చూస్తున్నాం.

నాటేముందు ఒక పని చెయ్యండి. మీరు ఎక్కువసేపు నిలబడే కిటికీ దగ్గరికి వెళ్లి, ఇంకొకళ్లని ఒక బకెట్ పట్టుకుని పెరట్లోకి పంపండి. ఎర్ర బకెట్ అయితే మరీ మంచిది. అటు జరుగు, ఇటు జరుగు అని చెబుతూ, మీ కంటికి సరిగ్గా ఆనిన చోట గుర్తు పెట్టించండి. కిటికీకి పదిహేను, ఇరవై అడుగుల దూరం బాగుంటుంది. ఇంటి నీడ పడని చోటు కావాలి. చలికాలపు సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు కాబట్టి ఇంటి నీడ చాలా దూరం పోతుంది. ఎండ బాగా తగిలితేనే రంగు, నీడలో పొద బతుకుతుంది కానీ కొమ్మలు వెలవెలబోతాయి. వెనక ముదురు ఆకుపచ్చ పైన్ చెట్టో, తెల్లటి మంచో ఉంటే రంగు ఎత్తి చూపుతుంది. గోధుమ రంగు కంచె ముందు ఎరుపు కంటే పసుపు కొమ్మలు నయం. ఒక్క పొద కంటే మూడు కలిపి వేస్తే అందం. పెద్ద రకాలైతే మధ్యలో నాలుగైదు అడుగులు వదలండి. నీళ్లంటే దీనికి ఇష్టం, మిగతా మొక్కలు చచ్చిపోయే తడి నేలలో కూడా ఇది పెరుగుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు గొయ్యి తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే, భూమిలో ఉన్న గ్యాసు, కరెంటు లైన్లకి గుర్తులు పెట్టి వెళతారు.

ఇప్పుడు అసలు విషయం, కోత. ఈ మొక్కలో రంగు ఉండేది లేత కొమ్మలోనే. మొదటి ఏడాది, రెండో ఏడాది కొమ్మ మెరుస్తుంది. మూడో ఏడాదికి మసకబారుతుంది. ఆ తర్వాత బెరడు మందమై బూడిద గోధుమ రంగుకి తిరుగుతుంది, ఇక ఎన్ని చలికాలాలొచ్చినా ఎర్రబడదు. ఏమీ కోయకుండా వదిలేస్తే ఏడెనిమిది అడుగుల ఎత్తు పెరిగి, కింద మోడు, పైన కొసల్లో కాస్త రంగు మిగులుతుంది. "మొదట్లో ఎర్రగా ఉండేది, ఇప్పుడు రంగు పోయింది" అని చాలామంది పీకేసే పొదలన్నీ ఇవే. మొక్క తప్పేం లేదు, కత్తెర పడకపోవడమే.

కత్తెర పడ్డ తీరు కూడా ముఖ్యం. మా కాలనీలో లాన్ పనికి వచ్చే మనుషులు ఏటా అక్టోబరులో కరెంటు కత్తెరతో వస్తారు. బాక్స్‌వుడ్ అయినా, డాగ్‌వుడ్ అయినా, ఏదైనా వాళ్లకి బంతే. పైపైన గుండ్రంగా చెక్కేసి వెళ్లిపోతారు. నిటారుగా లేచి అందమిచ్చే కొమ్మల తలలన్నీ పోయి, కోసిన ప్రతిచోటా సన్నపుల్లలు చీపురులా గుబురుకట్టి, లోపల ముసలి కొమ్మలు అలాగే ఉండిపోతాయి. పైగా చలికాలమంతా చూడాల్సిన రంగుని చలికాలం రాకముందే కోసి చెత్తలో పడేస్తారు. మా పెరటి వైపు పొదల్ని ముట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పి పెట్టాను. వీధివైపు ఉమ్మడి స్థలంలో ఉన్నవి మాత్రం బంతులైపోయాయి. అవి డాగ్‌వుడ్‌లని ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టలేరు.

సరైన కోతలు రెండున్నాయి. ఒకటి మొదలంటా కొయ్యడం. చలికాలం చివర్లో, చిగురు పగిలేలోపు, పొద మొత్తాన్ని నేలకి జానెడు ఎత్తు కూడా లేకుండా కోసెయ్యడం. నాటిన రెండు మూడేళ్లకి వేళ్లు బాగా పట్టుకున్నాకే ఇది చెయ్యాలి. కోశాక మొదట్లో కంపోస్టు వేసి, నీళ్లు పోస్తే, వేసవి ముగిసేసరికి నాలుగడుగుల దాకా కొత్త కొమ్మలు లేస్తాయి, అన్నీ లేతవే కాబట్టి ఆ చలికాలం పొద మొత్తం ఒకే రంగులో వెలిగిపోతుంది. పార్కుల్లో, పెద్ద తోటల్లో చేసేది ఇదే. రెండోది మూడోవంతు కోత. ఏటా పొదలో అన్నిటికంటే ముసలివైన, లావైన కొమ్మల్ని వెతికి, ఉన్నవాటిలో మూడోవంతుని నేల దగ్గరికంటా తీసెయ్యడం. మిగతా రెండు వంతుల్ని ముట్టుకోకూడదు. మూడేళ్లు తిరిగేసరికి పొద మొత్తం కొత్తదైపోతుంది, కానీ ఏ రోజూ ఖాళీగా ఉండదు.

పుస్తకాలు మొదటిదాన్నే ఎక్కువగా చూపిస్తాయి, ఫొటోల్లో అది బాగుంటుంది మరి. నేను కూడా మూడో ఏడాది మార్చిలో అదే చెయ్యాలని రంపం, కత్తెర బయటికి తీశాను. అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. మామగారు పోయాక వచ్చిన మొదటి చలికాలం. నవంబరులో వచ్చారు, ఏప్రిల్‌లో వెళ్లిపోవాలి. హిందూపురంలో అరుగు మీద కూర్చుంటే వీధంతా పలకరించే మనిషి. ఇక్కడ వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఏమ్మా, ఈ ఊర్లో మనిషే కనపడరే" అనేవారు. ఆ పొదకి ఆవిడే ఎర్రకట్టె అని పేరు పెట్టారు. పేరులో కుక్క ఉందని నేను చెబితే, "అంత చక్కని చెట్టుకి అదేం పేరు" అని ఆ పేరు కొట్టేశారు. ఎర్రకట్టె మీద మంచు ఎంత పడింది, దాని మీద ఏ పిట్ట వాలింది, అన్నీ సాయంత్రం మనవళ్లకి చెప్పేవారు.

రంపం చూసి, "ఏం చేస్తావమ్మా దాన్ని?" అన్నారు. మొదలంటా కోసేస్తానన్నాను. పచ్చని చెట్టు కొడితే ఇంటికి మంచిది కాదంటారేమో, మల్బరీ సంగతి చెప్పి ఒప్పిద్దామని సిద్ధంగా ఉన్నాను. ఎందుకంటే వాళ్లది పట్టుపురుగులు పెంచిన ఇల్లు. మల్బరీని ఏటా మొదలంటా కొట్టడం, అది మళ్లీ గుబురుగా లేవడం ఆవిడ చేతులకి తెలిసిన పని. చెప్పాను కూడా. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "మల్బరీని పురుగులకి మేత కోసం కొడతాం. కొడితేనే దాని పని అయినట్టు. దీన్ని చూడ్డానికే కదా పెంచినావు? చూసేవాళ్లు ఉండంగానే కొడతావా?" అన్నారు.

ఆ ప్రశ్నకి ఏ తోట పుస్తకంలోనూ జవాబు లేదు. ఆవిడ చెట్టు మీద జాలితో అనలేదు, పాపమనీ అనలేదు. ఆవిడ ఇక్కడ ఉండేది ఇంకో నెల. మార్చిలో మొదలంటా కోస్తే ఆ నెలంతా ఆవిడకి కనిపించేది మొద్దులు. కొత్త కొమ్మలు లేచి, ఎర్రబడే నవంబరుకి ఆవిడ ఇక్కడుంటారో లేదో. రేపటి నిండైన రంగు కోసం ఇవాళ ఆవిడ కళ్లముందున్నది తీసెయ్యాలా?

ఆ ఏడాది మూడోవంతే కోశాను. ఏ కొమ్మలు ముసలివో అత్తగారే కిటికీలోంచి వేలుతో చూపించారు. బూడిద రంగుకి తిరిగినవి లోపలినుంచి చూస్తేనే బాగా తెలుస్తాయి. నేను బయట మంచులో నిలబడి ఒక్కో కొమ్మ పట్టుకోవడం, ఆవిడ లోపలినుంచి అవునని, కాదని తల ఊపడం. కోత అయ్యాక పొద తేలికపడింది కానీ ఖాళీ కాలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ నేను అలాగే కోస్తున్నాను, ఇళ్లలో పెంచే డాగ్‌వుడ్‌కి అదే సరైన కోత అని గట్టిగా వాదిస్తాను కూడా.

ఎదుటివాళ్ల వాదన నాకు తెలుసు. మూడోవంతు కోతలో రంగు ఒకే తీరుగా రాదు. రెండేళ్ల కొమ్మలు కొంచెం మసకగా, ఏడాది కొమ్మలు మెరుస్తూ, కలగలుపుగా ఉంటుంది. పొద కూడా ఎత్తు పెరుగుతుంది. నిజమే. మొదలంటా కోస్తే పని పది నిమిషాల్లో అయిపోతుంది, ఏ కొమ్మ ముసలిది, ఏది లేత అని వెతుక్కునే బాధ లేదు. అదీ నిజమే. కానీ పార్కులో వంద పొదలుంటాయి, కొన్ని కోసినా చూసేవాళ్లకి ఇంకొన్ని ఉంటాయి. మన పెరట్లో ఉన్నవి మూడే. పైగా పూలు, కాయలు పాత కొమ్మలకే వస్తాయి. మొత్తం కోసేస్తే ఆ ఏడాది పూలు లేవు, కాయలు లేవు, కాయల కోసం వచ్చే పిట్టలూ లేవు. మూడోవంతు కోస్తే అన్నీ కొంచెం కొంచెం మిగులుతాయి. ఎప్పుడూ కోయక పూర్తిగా మోడుబారిన పాత పొద దొరికితే మాత్రం ఒక్కసారి మొదలంటా కొయ్యండి, అది మళ్లీ లేవడానికి అదే దారి. మరుసటి ఏడాదినుంచి మూడోవంతుకి రండి.

కోతకి ముహూర్తం గుర్తుపెట్టుకోవడం తేలిక. ఉగాది మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో వస్తుంది. మా మిచిగాన్ లాంటి చోట ఉగాది పచ్చడి తినే రోజుకి అటూ ఇటూగా కత్తెర పట్టుకుంటే సరిపోతుంది. మొగ్గలు ఉబ్బి ఆకులు విప్పుకోకముందే పని పూర్తవ్వాలి. కాస్త వెచ్చని ఊళ్లలో ఉన్నవాళ్లు ఇంకా ముందే చూసుకోవాలి. బొటనవేలంత లావుంటే పొడుగు పిడుల లాపర్ చాలు, అంతకంటే లావైతే చిన్న రంపం. కత్తెర పదునుగా ఉండాలి, మొద్దు కత్తెర బెరడుని నలిపేస్తుంది. ఎండిపోయినవి, నల్లమచ్చలు పడినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి ముందు తీసెయ్యండి. మచ్చ పడిన కొమ్మ కోశాక కత్తెరని స్పిరిట్‌తో తుడవండి. తర్వాత లావైనవీ, రంగు పోయినవీ నేల దగ్గరికంటా కొయ్యండి. మధ్యలో కొయ్యకండి, మధ్యలో కోస్తే అక్కడే చీపురు కడుతుంది. పసుపు కొమ్మల రకం, మిడ్‌వింటర్ ఫైర్ ఎర్రవాటంత బలంగా లేవవు. వాటి దగ్గర మూడోవంతు కంటే తక్కువే తీసినా తప్పు లేదు.

కష్టాలూ చెప్పాలి కదా. చలికాలంలో కుందేళ్లకి ఈ లేత బెరడంటే ప్రాణం. మంచు మీద నిలబడి, అందినంత ఎత్తుదాకా చెక్కేస్తాయి. మొదటి రెండేళ్లు చుట్టూ కోళ్లగూటి జల్లెడ తీగ కట్టక తప్పదు. జింకలొచ్చే పెరడైతే అదీ చాలదు. కొన్ని రకాలు నేలని తాకిన కొమ్మ నుంచి వేళ్లేసి పక్కకి పాకుతాయి, చోటు చూసి నాటండి. డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్న చెల్లెళ్లకి ఇది చెప్పను. అక్కడి వేడికి ఆకుమచ్చ, కొమ్మకుళ్లు పట్టి నీరసపడుతుంది, చలి లేనప్పుడు రంగూ రాదు. హైదరాబాదు, విజయవాడల్లో అసలు మాటే లేదు. మీకు మల్లె ఉంది. దాన్ని చలికాలంలో ఆకు దూసి, కొమ్మ కత్తిరిస్తేనే వేసవికి విరగబూస్తుందని మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

కోసిన కొమ్మలు పారెయ్యకండి. ముసలి కొమ్మల కొసల్లో ఉన్న లేత రెమ్మలు పెన్సిల్ లావువి చూసి, జానెడున్నర ముక్కలు చేసి, కింది కొస కిందికే ఉండేలా తడి మట్టిలో మూడింట రెండొంతులు గుచ్చితే చాలా వరకు బతుకుతాయి. మునగ కొమ్మ, మందార కొమ్మ ఇంటింటికీ ఇచ్చుకున్నట్టే. పేటెంటు ఉన్న రకాల్ని ఇలా పెంచకూడదు, చీటీ మీద రాసుంటుంది, చూసుకోండి. మామూలు రకాలకి ఆ బెడద లేదు. మా పొద కొమ్మలు ఇప్పటికి అయిదిళ్లలో బతుకుతున్నాయి. కొత్తగా ఇల్లు కొనుక్కున్నవాళ్లకి గృహప్రవేశంలో నేను గిన్నెలివ్వడం మానేసి ఈ కొమ్మలిస్తున్నాను. సంక్రాంతికి నాలుగు రెమ్మలు కోసి ఇత్తడి చెంబులో పెడితే ముగ్గు పక్కన ఎంత నిండుగా ఉంటాయో. నీళ్లు పోస్తే కొన్ని వారాల్లో ఆకులు వేస్తాయి, రంగే కావాలంటే నీళ్లు పోయకుండా పెట్టండి.

ఇంటి విషయాల్లో మనం తరచూ రెండే దారులు చూస్తాం. ఉన్నదాన్ని ముట్టుకోకుండా అలాగే వదిలెయ్యడం, లేదా మొదలంటా తీసేసి కొత్తగా మొదలెట్టడం. వంటగది సర్దడంలోనైనా, పిల్లల చదువు మార్చడంలోనైనా, పెద్దవాళ్లని ఒక ఊరినుంచి ఇంకో ఊరికి తేవడంలోనైనా ఈ రెండింటి మధ్యే కొట్టుకుంటాం. వదిలేస్తే రంగు పోతుంది. మొత్తం తీసేస్తే ఇప్పుడు దాన్ని చూస్తూ బతికేవాళ్లకి ఏమీ మిగలదు. మూడోవంతు కోతలో ఓపిక ఎక్కువ కావాలి, ఏది పోవాలో ఏటా వెతుక్కోవాలి, ఫలితం ఒక్కసారిగా కళ్లముందు నిలబడదు. అందుకే అది ఫొటోల్లో కనిపించదు. కాపురాలు చేసినవాళ్లకి మాత్రం ఆ పద్ధతి కొత్తదేం కాదు.

కాబట్టి ఈ వసంతంలో బీర గింజలు తెచ్చుకునేటప్పుడే ఒక ఎర్రకొమ్మల పొద కూడా తెచ్చుకోండి. అది ఎక్కడుండాలో ఇంట్లో పగలంతా ఉండేవాళ్లని అడిగి నాటండి. ముసలి కొమ్మ ఏదో చూపించే పని కూడా వాళ్లకే అప్పగించండి.